రంగుల బొమ్మ చూసి ఉక్కు కోయించొద్దు

సంపాదకులకు నమస్కారం.

రొయ్యల గుంటల నీటికి గాలి అందించే ఏరియేటర్ విడిభాగాలు మన జిల్లాల్లోనే తయారుకావాలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం బాగుంది. అందులో ఒక్క మాట మాత్రం పరిశ్రమ పెట్టబోయేవాళ్లను పక్కదారి పట్టించేలా ఉంది. కరిగిన ప్లాస్టిక్ మౌల్డులో, అంటే ఉక్కు అచ్చులో, ఎలా పారుతుందో కంప్యూటర్ ముందే చూపిస్తుంది కాబట్టి ఇక ట్రయల్ అక్కర్లేదని రాశారు. చూపిస్తుంది, నిజమే. ఏ లెక్కతో చూపిస్తోంది, మనం ఏ అంకెలు ఇచ్చాం, అది ఏమేమి వదిలేసింది అన్నది తెలుసుకోకుండా ఆ బొమ్మను నమ్మి మౌల్డు కోయిస్తే, ట్రయల్ ఖర్చు మిగలకపోగా మౌల్డు ఖర్చు రెండోసారి నెత్తిన పడుతుంది. ఈ ఉత్తరం సాఫ్ట్‌వేర్‌కు వ్యతిరేకంగా రాస్తున్నది కాదు. దాన్ని వాడమనే చెబుతున్నాను, లోపల ఏముందో తెలుసుకుని వాడమంటున్నాను.

ఇందుకూరుపేట, విడవలూరు మొదలుకొని సింగరాయకొండ, కొత్తపట్నం దాకా రొయ్యల గుంటల గట్ల మీద పారేసిన ఏరియేటర్ చక్రాలను ఒకసారి తిరగేసి చూడండి. చాలావాటికి రెక్కలు బాగానే ఉంటాయి. షాఫ్టు దూరే హబ్బు దగ్గర, రంధ్రం అంచు నుంచి బయటికి తిన్నగా చీలి ఉంటుంది. దానా (కరిగించే ప్లాస్టిక్ గుళికలు) నాసిరకమని రైతు అంటాడు, రైతు బోల్టు ఎక్కువ బిగించాడని తయారీదారు అంటాడు. రెండూ కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ చీలిక ప్రతిసారీ అదే చోట, అదే గీత వెంబడి వస్తుంటే ముందు అనుమానించాల్సింది వెల్డ్ లైనును.

కరిగిన ప్లాస్టిక్ గేటులోంచి, అంటే మౌల్డులోకి దూరే ద్వారంలోంచి, వచ్చి హబ్బులోని రంధ్రం చుట్టూ రెండు పాయలుగా చీలుతుంది, అవతలి వైపు మళ్లీ కలుస్తుంది. ఆ కలిసే గీతే వెల్డ్ లైను. మూడు గేట్లు పెడితే మూడు గీతలు పడతాయి. పాయ ముందుభాగంలో కరుగు మధ్యలోంచి వచ్చి గోడల వైపు విచ్చుకుంటుంది. దీన్ని ఫౌంటెన్ ఫ్లో అంటారు. అందువల్ల రెండు పాయలు ఎదురెదురుగా ఒత్తుకున్నప్పుడు పొడవాటి అణువులు, గాజు పీచు ఉంటే ఆ పీచులు, గీతకు సమాంతరంగా పడుకుంటాయి. గీతను దాటి ఇటునుంచి అటు వెళ్లేవి చాలా తక్కువ. 30 శాతం గాజు పీచు కలిపిన నైలాన్‌లో ఆ గీత దగ్గర బలం దాదాపు సగానికి పడిపోవడం మామూలు విషయం. నైలాన్‌ను సరిగ్గా ఆరబెట్టకుండా, తేమ 0.2 శాతం దాటి ఉండగా, కరిగించే గొట్టమైన బారెల్‌లో పోస్తే ఇంకా పడిపోతుంది, ఎందుకంటే ఆ వేడికి నీరు అణువుల గొలుసులనే తెంపేస్తుంది. చక్రం నిమిషానికి నూరు చుట్లే తిరుగుతుందనుకున్నా పది గంటల రాత్రిలో 60 వేల చుట్లు. ప్రతి చుట్టుకూ రెక్కలు ఒకదాని వెంట ఒకటి నీటిని కొడుతూ హబ్బును గుంజుతుంటాయి. అరిగిపోయిన కీవే (షాఫ్టు జారకుండా పట్టే గాడి) మూల సరిగ్గా ఆ గీత మీద పడిందంటే చక్రం సీజను చివరిదాకా రావడం కష్టం.

ఈ గీత ఎక్కడ పడుతుందో సిమ్యులేషన్, అంటే ఆ కంప్యూటర్ లెక్క, చాలా బాగా చెబుతుంది. పాయలు కలిసే కోణం 135 డిగ్రీల కన్నా తక్కువైతే వెల్డ్ లైను అని గుర్తిస్తుంది, కలిసినప్పటి ఉష్ణోగ్రత కూడా ఇస్తుంది. కరుగు బయలుదేరిన వేడి కన్నా అక్కడ 20 డిగ్రీలు, ఆపైన తగ్గి ఉంటే ఆ అతుకు మీద నాకు నమ్మకం ఉండదు. గేటు రెక్కల వైపు పెడితే హబ్బు చివరన నిండుతుంది, గీత చల్లగా పడుతుంది. గేటు హబ్బు పక్కనే పెడితే గీత వేడిగా పడుతుంది, అయితే సన్నని రెక్కల చివర్లు ఆలస్యంగా కరుగు అంది, పూర్తిగా నిండక షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. హబ్బు లోపలి అంచు మొత్తం నుంచి పళ్లెంలా పోసే డయాఫ్రమ్ గేటు పెడితే గీతే ఉండదు, కాకపోతే ప్రతి పీసుకూ ఆ పళ్లేన్ని కోసి తీయాలి. ఈ మూడింటినీ ఉక్కు ముట్టుకోకముందే పోల్చి చూసుకోగలగడం సిమ్యులేషన్ ఇచ్చే అసలైన లాభం. అతుకు ఎంత బలంగా ఉంటుందో మాత్రం మామూలు ప్యాకేజీలు చెప్పవు. ఎర్ర గీత గీసి చూపిస్తాయి, అంతే. దాన్ని బలం అంచనాగా చదవకూడదు.

ఇక ఆ బొమ్మ వెనుక లెక్క ఏమిటంటే... చవకగా, వేగంగా అయ్యే పద్ధతికి మూలం 1898లో హేలీ-షా అనే ఇంజినీరు చేసిన ప్రయోగం. రెండు గాజు పలకల మధ్య సన్నని సందులో పారే ద్రవం అది. సందు మందం మిగతా కొలతల కన్నా చాలా తక్కువైతే, మందం దిశలో పీడనం మారదనీ, ఆ దిశలో వేగం లేదనీ అనుకోవచ్చు. అప్పుడు మూడు కొలతల సమస్య కాస్తా ఒక పలక మీద పీడనం కనుక్కునే రెండు కొలతల సమస్యగా మారుతుంది. 1980లో హీబర్, షెన్ అనే ఇద్దరు దీన్ని, ఆకారాన్ని చిన్న ముక్కలుగా కోసి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలోకి తెచ్చి, మందం దిశలో మాత్రం పొరలు పొరలుగా ఉష్ణోగ్రత లెక్కించారు. నేటికీ చాలా రిపోర్టుల అడుగున ఉండేది ఈ మధ్యతలం పద్ధతో, లేదా పై, కింది ఉపరితలాలను జతకలిపే దాని రూపాంతరమో. బకెట్టుకు, మూతకు, ఏరియేటర్ రెక్కకు ఇది చక్కగా సరిపోతుంది. హబ్బుకు సరిపోదు. హబ్బు గోడ 8 మి.మీ. మందం, 12 మి.మీ. వెడల్పు ఉంటే అక్కడ ‘సన్నని సందు’ అనే మాటకే అర్థం లేదు. చీలిక వచ్చే చోటే ఈ పద్ధతి అత్యంత బలహీనమన్నమాట. ఉపరితలాలను జతకలిపే పద్ధతి వాడి ఉంటే రిపోర్టులో మెష్ మ్యాచ్ శాతం, అంటే రెండు ఉపరితలాల మీది గడుల వల (మెష్) ఎంతవరకు జతకుదిరిందో చూడండి. 85 కన్నా తక్కువుంటే ఆ ఫలితాన్ని పక్కన పెట్టండి. హబ్బును, రిబ్బులు (బలం కోసం ఇచ్చే సన్నని గోడలు) కలిసే మూలలను, గేటును నిజంగా చూడాలంటే పూర్తి మూడు కొలతల లెక్క కావాలి.

మూడు కొలతల లెక్క అనగానే మెష్ ఎంత సన్నగా ఉందన్నది ప్రశ్న. ఇక్కడే ఎక్కువ మోసం జరుగుతుంది, కావాలని కాదు, తొందరలో. కరిగిన పాలీప్రొపిలీన్‌లో వేడి వ్యాపించే గుణకం సెకనుకు సుమారు 0.08 చదరపు మి.మీ. అంటే మౌల్డు గోడ చల్లదనం ఒక సెకనులో లోపలికి చొరబడే లోతు దాదాపు 0.3 మి.మీ. 3 మి.మీ. మందాన్ని ఐదు సమాన పొరలుగా కోస్తే ఒక్కో పొర 0.6 మి.మీ. గడ్డకట్టే పొర మొత్తం ఒక పొరలో సగంలోనే మునిగిపోతుంది, లెక్కకు అది కనిపించదు. అప్పుడు కరుగు అసలుకన్నా తేలిగ్గా పారినట్టు, పీడనం తక్కువ చాలునన్నట్టు బొమ్మ వస్తుంది. యంత్రం మీదికి వెళ్లేసరికి రెక్కల చివర్లు నిండవు. గోడ దగ్గర పొర 0.05 మి.మీ. దాకా సన్నబడాలి, మధ్యలో లావుగా ఉన్నా ఫర్వాలేదు. మెష్ సరిపోయిందో లేదో కంటితో చూసి చెప్పలేం. అదే లెక్కను మూడు మెష్‌ల మీద, ఒక్కోసారి గడి కొలత సగం చేస్తూ నడిపి, గేటు దగ్గరి పీడనం ఎంత మారిందో చూడాలి. మొదటి నుంచి రెండోదానికి 8 శాతం, రెండు నుంచి మూడుకు 2 శాతం మారితే తేడా నాలుగో వంతు అయింది కాబట్టి లెక్క దారిలో ఉన్నట్టు. 8 తర్వాత మళ్లీ 7 వస్తే ఇంకా గాల్లోనే ఉంది. ఒక్క మెష్‌తో ఇచ్చిన రిపోర్టుకు ఈ సమాచారమే ఉండదు.

లెక్క లోపల మరికొన్ని గోతులున్నాయి. కాలేజీల్లో సొంతంగా ప్రోగ్రాం రాసేవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. కరిగిన ప్లాస్టిక్ చాలా చిక్కన, ఇక్కడ రేనాల్డ్స్ సంఖ్య (చిక్కదనంతో పోలిస్తే జడత్వం ఎంతో చెప్పేది) 0.003 లాంటిది, కాబట్టి జడత్వాన్ని వదిలేయొచ్చు. అలా వదిలేస్తే మిగిలేది వేగం, పీడనం ముడిపడిన స్టోక్స్ సమస్య. రెండింటికీ ఒకే రకం సరళ ఎలిమెంట్లు వాడితే పీడనం చదరంగం పలకలా గడి విడిచి గడి ఎగిరిపడుతుంది. 1973 నాటి టేలర్-హుడ్ ఎలిమెంట్లలో వేగానికి ఒక మెట్టు పైది వాడేది అందుకే. స్థిరీకరణ పదం కలిపినా పని నడుస్తుంది. వేడి సమీకరణంలో బాధ వేరు. 3 మి.మీ. గోడ పూర్తిగా చల్లబడడానికి పదుల సెకన్లు పడితే నిండడానికి ఒకటి రెండు సెకన్లే, అంటే వేడిని ప్రవాహమే మోసుకుపోతుంది. మామూలు మధ్య భేదాల (సెంట్రల్ డిఫరెన్స్) పద్ధతి పెడితే 230 డిగ్రీల కరుగు పక్కన 260 కనిపిస్తుంది. అది షియర్ వేడి (పొరలు ఒకదానిపై ఒకటి రాసుకుని పుట్టే వేడి) అని పొరపడి బారెల్ వేడి తగ్గించినవాళ్లున్నారు. ప్రవాహం వచ్చే వైపుకు మొగ్గే అప్‌విండ్ పద్ధతి కావాలి, అదీ మరీ మొదటి తరగతిది పెడితే ఉష్ణోగ్రత అంచులన్నీ అలుక్కుపోతాయి. నిజమైన షియర్ వేడికి ఒక గీటురాయి ఉంది: పాలీప్రొపిలీన్‌లో ప్రతి 10 మెగాపాస్కల్ పీడన నష్టానికీ కరుగు సగటున 5 డిగ్రీలకు మించి వేడెక్కదు. మొత్తం నష్టం 50 మెగాపాస్కల్ అయితే 25 డిగ్రీల లోపు. సగటు పెరుగుదల ఈ లెక్కకు మించి చూపిస్తే ప్రోగ్రాంను అనుమానించండి. గోడకు ఆనుకున్న సన్నని పొరలో మాత్రం ఇంకొంచెం ఎక్కువ ఉండొచ్చు.

చిక్కదనం షియర్ రేటును, అంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారే వేగాన్ని, బట్టి మారుతుంది కాబట్టి ప్రతి అడుగులోనూ లెక్కను మళ్లీ మళ్లీ తిప్పాలి. పికార్డ్ పద్ధతి నమ్మకమైనది గానీ నెమ్మది. షియర్ రేటుతో ప్రతిబలం ఎలా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం 0.35 ఉన్న ద్రవానికి ప్రతి తిప్పులో తప్పు 0.65 వంతు అవుతుంది, అంటే వెయ్యో వంతుకు దిగాలంటే 16 తిప్పులు కావాలి. ఐదు తిప్పులకే ఆపేసి ‘కన్వర్జ్ అయింది’ అని రాసుకుంటే లాభం లేదు. న్యూటన్ పద్ధతి వేగంగా వెళుతుంది గానీ మొదటి అంచనా దూరంగా ఉంటే విరిగిపోతుంది. ఘాతాంకాన్ని 1 నుంచి 0.35కు మెట్లుమెట్లుగా దించుకుంటూ రావాలి. సందు మధ్యలో షియర్ రేటు సున్నా అయ్యే చోట పవర్ లా సూత్రం అనంతమైన చిక్కదనం ఇస్తుంది కాబట్టి పైన ఒక హద్దు పెట్టక తప్పదు.

కరుగు ముందంచును వెంబడించడానికి 1981లో హర్ట్, నికల్స్ చెప్పిన వీఓఎఫ్ పద్ధతి ఎక్కువగా వాడతారు. ప్రతి గడిలో ప్లాస్టిక్ ఎంత వంతు నిండిందో లెక్క పెట్టుకుంటూ పోవడమే. ఇందులో గాలి కూడా ఒక ద్రవమే. కరుగుకూ గాలికీ చిక్కదనాల నిష్పత్తి పదుల లక్షలు, దాంతో సమీకరణాలు సాధించే భాగం మొరాయిస్తుంది. చాలామంది గాలి చిక్కదనాన్ని కృత్రిమంగా పెంచి దాటవేస్తారు, అంత తప్పేమీ కాదు, కానీ ఎంత పెంచారో రాయాలి. వెంటు (గాలి బయటికి పోయే సన్నని దారి) ఎక్కడ పెట్టారో కూడా రాయాలి. వెంటు ఇవ్వడం మరిచిపోతే గాలి బయటికి పోలేక మూలల్లో పీడనం ఎగబాకుతుంది. మౌల్డులో నిజంగానే వెంటు లేకపోతే ఆ మూల కాలి నల్లబడుతుంది, అది వేరే సంగతి.

అయితే ఇవన్నీ ఒక ఎత్తు, దానా సమాచారం ఒక్కటీ ఒక ఎత్తు. మన దగ్గర యూనిట్లు దానా కొనేటప్పుడు అడిగేది ఎంఎఫ్ఐ (మెల్ట్ ఫ్లో ఇండెక్స్, నిర్ణీత బరువు కింద పది నిమిషాల్లో ఎన్ని గ్రాముల కరుగు పారుతుందో చెప్పే అంకె) ఒక్కటే. ఎంఎఫ్ఐ 11 ఉన్న పాలీప్రొపిలీన్‌ను 230 డిగ్రీల వద్ద 2.16 కిలోల బరువుతో పరీక్షిస్తే పరీక్ష యంత్రం చిన్న డైలో (కరుగు బయటికి వచ్చే రంధ్రంలో) షియర్ రేటు సెకనుకు సుమారు 27 మాత్రమే. మౌల్డు గోడల దగ్గర అది వందల్లో, గేటులో వేలల్లో, సన్నని గేటులో పదివేలు దాటి ఉంటుంది. 27 దగ్గర ఒకేలా పారిన రెండు గ్రేడులు 5,000 దగ్గర ఒకేలా పారాలని ఏమీ లేదు. చిక్కదనాన్ని లెక్కించే క్రాస్-డబ్ల్యూఎల్ఎఫ్ అనే నమూనాకు కావాల్సిన గుణకాలు ఆరేడు ఉంటాయి. ఒక్క ఎంఎఫ్ఐ అంకెలోంచి ఆరేడు గుణకాలు ఎవరూ పుట్టించలేరు. అప్పుడు సాఫ్ట్‌వేర్ నడిపే మనిషి ఏం చేస్తాడు? డేటాబేస్‌లో దగ్గరగా కనిపించిన విదేశీ గ్రేడును ఎంచుకుంటాడు. అక్కడి నుంచి లెక్కంతా నేల విడిచి సామే.

అందులోనూ మనం వాడేది తరచుగా రీప్రాసెస్ (మళ్లీ కరిగించి చేసిన) దానా, దానికి తోడు నలుపో నీలమో రంగు మాస్టర్‌బ్యాచ్, కొన్నిచోట్ల సుద్ద కూడా. పాలీప్రొపిలీన్ మళ్లీ మళ్లీ కరిగించే కొద్దీ గొలుసులు తెగి పలచబడుతుంది, ఎంఎఫ్ఐ పెరుగుతుంది. డ్రిప్ పైపుల్లో వాడే పాలిథిలీన్ రకాలు చాలాసార్లు దీనికి ఎదురు, గొలుసులు ఒకదానికొకటి ముడిపడి చిక్కబడతాయి. లోడు మారితే గుణకాలు మారతాయి. కనీసం మూడు ఉష్ణోగ్రతల వద్ద, షియర్ రేటు 10 నుంచి 10,000 దాకా చిక్కదనం కొలిచే కేపిలరీ రియోమీటర్ మీద కొలిపించుకోవాలి. కొలిచినవాళ్లను రెండు సవరణలు చేశారా అని అడగాలి. డై ముఖద్వారం దగ్గర పోయే పీడనాన్ని తీసేసే బాగ్లే సవరణ ఒకటి. గోడ దగ్గరి అసలు షియర్ రేటు ఇచ్చే రాబినోవిచ్ సవరణ రెండోది. సవరించని అంకెలు ఇస్తే గేటు, దాని దాకా కరుగును తెచ్చే రన్నరుల్లో పీడనం రెండుసార్లు లెక్కకు వస్తుంది. ప్లాస్టిక్ పరీక్షల కోసం మనకు అటు విజయవాడలోనూ ఇటు చెన్నైలోనూ సీపెట్ కేంద్రాలున్నాయి. నెల్లూరు వాళ్లకు రెండోది దగ్గర, ఒంగోలు వాళ్లకు మొదటిది.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమో ఒక చేతి లెక్కతో చూపిస్తాను, కాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. 3 మి.మీ. మందం, 150 మి.మీ. పారుదల పొడవు, సగటు వేగం సెకనుకు 150 మి.మీ. వేగాన్ని 6తో గుణించి మందంతో భాగిస్తే 300. ఘాతాంకం 0.35 అయితే గోడ దగ్గర దీన్ని 1.62తో గుణించాలి: సుమారు 486. ఉదాహరణకు చిక్కదనం గుణకం 7,000 అనుకుంటే, 486ను 0.35 ఘాతానికి ఎత్తి 7,000తో గుణిస్తే గోడ దగ్గరి ప్రతిబలం 61,000 పాస్కల్. దాన్ని పొడవుతో, 2తో గుణించి మందంతో భాగిస్తే 6.1 మెగాపాస్కల్, మన వాడుకలో చదరపు సెంటీమీటరుకు 62 కిలోలు. ఇది గోడ గడ్డకట్టని, ఉష్ణోగ్రత మారని పారుదలకు. స్ప్రూ (నాజిల్ నుంచి వచ్చే మొదటి కాలువ), రన్నరు, గేటు అదనం. మందం సగం చేసి వేగం అలాగే ఉంచితే పీడనం రెండున్నర రెట్లు పెరుగుతుంది; నీళ్లలాంటి ద్రవమైతే నాలుగు రెట్లు పెరిగేది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకె ఈ చేతి లెక్క కన్నా కొంత ఎక్కువ ఉండాలి. తక్కువ వస్తే ఎక్కడో పొరపాటుంది. ఐదింతలు వస్తే కూడా పొరపాటే.

గుణకం 7,000 బదులు 9,100 అయితే? పీడనం అంతకంత, 30 శాతం పెరుగుతుంది. మౌల్డు తెరుచుకునే దిశలో చూస్తే కనిపించే చక్రం వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు, లోపల సగటు పీడనం 250 కిలోలు అనుకుంటే మౌల్డును మూసి పట్టడానికి 150 టన్నులు కావాలి. 30 శాతం పెరిగితే 195. బొమ్మ చూసి 150 టన్నుల యంత్రం కొన్నవాడికి ప్రతి పీసుకూ ఫ్లాష్ (మౌల్డు సందులోంచి కారిన పలుచని అంచు) వస్తుంది, చాకుతో గీసే మనిషిని పెట్టుకోవాలి.

చల్లదనం విషయంలో మన ఎండలను మరిచిపోతున్నారు. రిపోర్టులో మౌల్డు ఉష్ణోగ్రత 40 అని పుస్తకంలోది పెట్టేస్తారు. మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రం లేని షెడ్డులో, కూలింగ్ టవరు నీళ్లతో మౌల్డు ముఖం 55 ఉంటే? 230 డిగ్రీల కరుగు 90కి దిగడానికి 3 మి.మీ. గోడకు మౌల్డు 40 దగ్గర సుమారు 18 సెకన్లు, 55 దగ్గర 21. ప్రతి షాటుకూ మూడు సెకన్లంటే మూడు షిఫ్టుల్లో పోయే పీసులు తక్కువేమీ కావు. అదే 8 మి.మీ. హబ్బుకు కాలం మందం వర్గంతో పెరుగుతుంది, రెండు నిమిషాలు దాటుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు. లోపల ఇంకా మెత్తగా ఉండగానే బయటికి తోస్తారు, హబ్బులో డొల్ల ఏర్పడుతుంది, పైకి చిన్న గుంటగా కనిపిస్తుంది. హబ్బును లావు చేస్తే బలం వస్తుందనుకోవడం ఇక్కడ తిరగబడుతుంది. గోడ 3, 4 మి.మీ.లకు తగ్గించి రిబ్బులు ఇవ్వడమే మందు. కుదింపు, వంకర గురించి ఎక్కువ చెప్పను. పాలీప్రొపిలీన్ 1 నుంచి 2.5 శాతం దాకా కుదించుకుపోతుంది, అది స్ఫటికాలు కట్టే వేగాన్ని బట్టి ఉంటుంది. మామూలు ప్యాకేజీ చెప్పే వంకరలో దిశను నమ్మవచ్చు, మిల్లీమీటర్లను నమ్మడం కష్టం.

సిమ్యులేషన్ నిజమో కాదో తేల్చుకునే చవక మార్గం ఒకటుంది, యంత్రం మీదే. హోల్డింగ్ పీడనం (నిండాక ఒత్తి ఉంచేది) తీసేసి, స్క్రూ దూరం తగ్గించి 25, 50, 75, 95 శాతం నింపి షార్టులు (పూర్తిగా నిండని పీసులు) తీయండి. ఒక్కో పీసును బొమ్మలో అదే శాతం దగ్గరి ఆకారం పక్కన పెట్టండి. ముందంచు ఆకారాలు కలవకపోతే మెష్‌నో గేటు కొలతనో అనుమానించాలి. ఆకారాలు కలిసి పీడనం కలవకపోతే దానా అంకెలను అనుమానించాలి. పీడనం పోల్చేటప్పుడు యంత్రం గేజి చూపేది హైడ్రాలిక్ పీడనమని మరవకండి. కరుగు మీద పీడనం దానికి చాలా యంత్రాల్లో పదింతల దాకా ఉంటుంది, ఆ నిష్పత్తి యంత్రం పుస్తకంలో ఉంటుంది. మౌల్డు తెరిచి గాల్లోకి ఒక షాటు కొట్టి నాజిల్‌లోనే పోయే పీడనాన్ని ముందు తీసేయాలి. సిమ్యులేషన్ నాజిల్ చివరినుంచే మొదలవుతుంది మరి.

ఇక పైపులు. డ్రిప్ లేటరల్, హెచ్‌డీపీఈ పైపు, బోరు కేసింగు తీసే యూనిట్లు మన దగ్గర మౌల్డింగు యూనిట్ల కన్నా ముఖ్యం. ఇక్కడ సమస్య వేరు. పైపు ఆకారం ఇచ్చే డైలోంచి బయటపడగానే కరుగు ఉబ్బుతుంది. అణువులు లోపల సాగదీసిన జ్ఞాపకంతో బయటకు వచ్చి మళ్లీ ముడుచుకుంటాయి. చిక్కదనం ఒక్కటే తెలిసిన లెక్క ఈ ఉబ్బును పట్టలేదు, సాగే గుణం ఉన్న నమూనాలు కావాలి. 1950 నాటి ఓల్డ్‌రాయిడ్ నమూనా, 1977 నాటి ఫాన్-తియెన్, టానర్ నమూనా, 1982 నాటి గీసెకస్ నమూనా అటువంటివే. వీటితో ప్రోగ్రాములు చాలాకాలం ఒకేచోట కుప్పకూలేవి. సాగే కాలాన్ని షియర్ రేటుతో గుణిస్తే వచ్చే వైసెన్‌బర్గ్ సంఖ్య కాస్త పెరగ్గానే లెక్క పగిలిపోయేది. డైలలో అది పదులు దాటుతుంది. కారణం, మూలల దగ్గర, గోడల దగ్గర ప్రతిబలం ఒక్క గడి దూరంలో అనేక రెట్లు పెరుగుతుంది, దాన్ని సరళరేఖతో పట్టబోతే అణువుల సాగుదలకు అసలు ఉండకూడని రుణ విలువలు పుడతాయి. 2004లో ఫట్టల్, కుఫర్‌మన్ చెప్పిన ఉపాయం, అణువులు ఎంత సాగాయో చెప్పే రాశికి బదులు దాని లాగరిథమ్‌ను లెక్కించడం. గుణకారంగా పెరిగేది కూడికగా మారుతుంది, రుణ విలువలకు తావుండదు. ఉచితంగా దొరికే ప్రవాహాల లెక్కల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్ మీద నడిచే రియోటూల్‌లో ఇది ఉంది, విద్యార్థులకు రూపాయి ఖర్చు లేదు.

అయినా పైపు డై పీడనానికీ, చుట్టూ మందం సమంగా వస్తుందా అన్నదానికీ సాగే నమూనాల అవసరం లేదు, చిక్కదనం లెక్క చాలు. ఉబ్బుకూ, చివరి ఆకారానికీ మాత్రమే అవి కావాలి. పైపు పైన సొరచేప చర్మంలా గరుకు వస్తుంటే సిమ్యులేషన్ కన్నా ముందు ఒక భాగాహారం చేయండి. డై పెదవుల సందు 1.2 మి.మీ., తిన్నని భాగం 15 మి.మీ., ఆ భాగంలో పీడన నష్టం 4 మెగాపాస్కల్ అనుకుందాం. పీడనాన్ని సందుతో గుణించి, పొడవుకు రెట్టింపుతో భాగిస్తే గోడ ప్రతిబలం 0.16 మెగాపాస్కల్. ఎల్ఎల్‌డీపీఈ రకం పాలిథిలీన్‌లో 0.1 దాటినప్పటి నుంచే గరుకు మొదలయ్యే అవకాశం ఉంది. పెదవుల వేడి పెంచడం, సందు వెడల్పు చేయడం, ఫ్లోరో పాలిమర్ సహాయకం కలపడం, లేదా లైను వేగం తగ్గించడం, ఇవే ముఖ్యమైన దారులు. చివరిది యజమానికి నచ్చదు. పీవీసీ అయితే కరుగు ఎక్కడ నిలిచిపోతుందో చూడడమే ముఖ్యం. డై లోపలి కడ్డీని పట్టి ఉంచే స్పైడర్ కాళ్ల వెనుక కదలక మిగిలిన పీవీసీ కాలి ఆమ్లం వదులుతుంది, పైపు మీద గోధుమరంగు చారలుగా బయటపడుతుంది.

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా చివరి సంవత్సరం ప్రాజెక్టులుగా రంగుల బొమ్మలు చాలా వస్తాయి. వాటిని పక్క ఊరి యూనిట్ల షార్ట్ షాట్‌లతో, నాజిల్ పీడనాలతో పోల్చే పనిగా మారిస్తే ఇద్దరికీ మేలు. సొంతంగా డై ఉబ్బు లెక్కించాలనుకునే విద్యార్థులు మొదట పాలిథిలీన్ జోలికి పోకుండా, గుండ్రటి డైలోంచి నెమ్మదిగా వచ్చే చిక్కదనం మారని మామూలు న్యూటోనియన్ ద్రవాన్ని నడపాలి. ఉబ్బు వ్యాసంలో 13 శాతం రావాలి, చీలిక డైకి మందంలో 19 శాతం. మెష్ సన్నబరిచినా ఈ అంకెలు రాకపోతే తప్పు డై పెదవి అంచు దగ్గర గడుల్లో వెతకండి, ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

ఇట్లు,
ఒక మౌల్డు, డై డిజైన్ ఇంజినీరు,
కావలి.